ఉత్త స్విచ్చు

అల్లుడుగారికి ఎరుపు రంగంటే పడదు. ల్యాబులో రక్తం సీసాల వల్ల కాదు, వాటి దగ్గరికి ఆయన ఎప్పుడూ వెళ్ళలేదు. ఆయనకి పడనిది సర్వర్ తెర మీద ఓ మూల ఎర్రగా కనిపించే అంకె. ఇన్ని అప్‌డేట్లు పెండింగులో ఉన్నాయని చెప్పే అంకె.

"ఏంటండీ ఇది? మన సిస్టమ్‌కి ఇన్ని జబ్బులున్నాయా?" అన్నారు సోమవారం పొద్దున్న, సర్వర్ గది గుమ్మంలో నిలబడి.

"జబ్బులు కావు సార్. కొత్త వెర్షన్లు వచ్చాయని చెప్తోంది. ఆదివారం ల్యాబు ఖాళీగా ఉంటుంది కదా, అప్పుడు వేద్దామని..."

"శుక్రవారం ల్యాబుకి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు తనిఖీకి వస్తున్నారు. ఈ గది కూడా చూస్తారు. ఇంత ఎర్రగా కనిపిస్తే ఏమనుకుంటారు? ఇవాళే చేసేయండి. ఎంతసేపు, ఓ నొక్కుడేగా."

"సరే సార్," అన్నాడు సిస్టమాయన.

ఆ ల్యాబులో అందరికీ అతను సిస్టమాయనే. కంప్యూటరు ఆగినా, ఫోను మోగకపోయినా, గోడ గడియారం వెనకబడినా అతన్నే పిలుస్తారు. ల్యాబు పెద్ద డాక్టరుగారిది. కింద ల్యాబు, పైన ఇల్లు. మేనేజ్‌మెంట్ చదివొచ్చిన అల్లుణ్ణి మేనేజ్ చేయమని కింద కూర్చోబెట్టారు. మొదట్లో పైవాళ్ళు మాత్రమే ఆయన్ని అల్లుడుగారు అనేవాళ్ళు. తర్వాత స్టాఫు మొదలుపెట్టారు. ఇప్పుడు రక్తం ఇవ్వడానికొచ్చిన వాళ్ళు కూడా "అల్లుడుగారు ఉన్నారా?" అనే అడుగుతున్నారు. ఒక మనిషి ఒకేసారి అంతమందికి అల్లుడైతే, మర్యాదలు అందుకోవడానికే పొద్దు చాలదు. ఇక పని ఎక్కడ చేస్తాడు పాపం.

సిస్టమాయన కూర్చుని నల్ల విండో తెరిచి కమాండు కొట్టాడు. తీసేవీ పెట్టేవీ అన్నీ చాంతాడంత జాబితాగా చూపించి, 'కొనసాగించమంటావా?' అని అడిగింది సర్వర్ని నడిపే లినక్స్. తెల్లవారి లేస్తే అందరికీ ఇచ్చే జవాబే దానికీ ఇచ్చాడు. అక్షరాలు పరిగెత్తడం మొదలుపెట్టాయి. ఇల్లు సర్దేటప్పుడు పాత బీరువా వరండాలోకి లాగి, కొత్తది గుమ్మంలో ఇరికించి, రెంటికీ మధ్య మనం నిలబడే ఘట్టం ఒకటుంటుందే, అప్‌గ్రేడులోనూ అలాంటిది ఉంటుంది. పాత ప్యాకేజీ, అంటే పాత ప్రోగ్రాము మూట, లేచిపోయి ఉంటుంది, కొత్తది ఇంకా కూర్చుని ఉండదు. ఆ కాసేపూ దాని జోలికి ఎవరూ రాకూడదు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"అత్తయ్యగారి టీవీలో బొమ్మ వస్తోంది, మాట రావట్లేదట," అన్నారు అల్లుడుగారు. "ఒక్క రెండు నిమిషాలు పైకెళ్ళి చూసొచ్చేయండి."

"ఇక్కడ అప్‌గ్రేడు నడుస్తోంది సార్."

"నడవనీండి. మీరేమైనా దాని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారా?"

"సరే సార్."

టీవీలో లోపమేమీ లేదు. రిమోట్‌లో మాట ఆపే మీట నొక్కి, దాని మీద సోఫా దిండు పెట్టి కూర్చున్నారు డాక్టరుగారి భార్య. మాట వచ్చాక, చేయి తిరిగిన మనిషి ఎలాగూ వచ్చాడు కదాని టీవీని కిటికీ పక్కకి జరిపించారు. అక్కడ వెలుతురు పడుతోందని మళ్ళీ యథాస్థానానికి జరిపించారు. ఆ తర్వాత నీళ్ళ ఫిల్టరు చప్పుడు ఒకసారి వినమన్నారు. సిస్టమాయన శ్రద్ధగా విని, "చప్పుడు వస్తోందండి," అన్నాడు. "అదే నేనూ అంటున్నాను," అన్నారావిడ తృప్తిగా.

కిందికొచ్చి కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి అందలేదు. ఎవరో కుర్చీ పైకి లేపుకున్నారు. తెర మీద నల్ల విండో లేదు. దాని బదులు నీలం రంగు సముద్రం బొమ్మ ప్రశాంతంగా ఉంది. పక్కన ప్రింటరు ఇంకా వెచ్చగా ఉంది. దాని ట్రేలో ఓ కాగితం మిగిలిపోయింది, పొట్ట తగ్గించే భోజన పథకం, చివరి పేజీ. అందులో అన్నీ ఉడకబెట్టినవే.

ల్యాబులో కాళ్ళు అంత పొడుగున్న మనిషి ఒక్కరే. పొట్ట సంగతి సరేసరి.

సిస్టమాయన కుర్చీ కిందికి దించుకుని నల్ల విండో మళ్ళీ తెరిచాడు. 'పని మధ్యలో తెగిపోయింది, ఎక్కడివక్కడే ఉన్నాయి, నువ్వే సర్దుకో' అంది సిస్టమ్. సర్దబోయేలోపే కౌంటర్ నించి కేక వినిపించింది.

"తమ్ముడూ! బిల్లు రావట్లేదు!"

మధ్యాహ్నానికి ల్యాబు మొత్తం చేతిరాత మీదికొచ్చేసింది. కౌంటరక్క పాత బిల్లు పుస్తకాలు బయటికి లాగి, కార్బన్ కాగితం పెట్టి రాస్తోంది. టెక్నీషియన్లు రిపోర్టులు రాస్తున్నారు. వాళ్ళ రాత వాళ్ళకే అర్థంకాక, షుగర్ ఎంతో చెప్పమని వచ్చిన ఓ పెద్దమనిషిని, "పోయినసారి ఎంతుందండీ మీకు?" అని తిరిగి అడుగుతున్నారు. లైను వీధిలోకి సాగింది. లైనులో ఉన్న ఓ రిటైర్డ్ హెడ్మాస్టరు అందరికీ, ఇలాంటివి రాకుండా జపానులో ఏం చేస్తారో చెప్తున్నాడు.

అల్లుడుగారు సర్వర్ గదిలోకి వచ్చారు. ఈసారి గుమ్మం దాటి వచ్చారు.

"ఏమైందండీ?"

"అప్‌గ్రేడు మధ్యలో ఆగిపోయింది సార్."

"ఎందుకాగింది?"

సిస్టమాయన కుర్చీ వైపు చూశాడు. ప్రింటరు వైపు చూశాడు. తర్వాత తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "మధ్యలో ఎవరైనా విండో మూసేస్తే సార్..."

"కరెంటు పోయుంటుంది," అన్నారు అల్లుడుగారు గబుక్కున.

అలా అన్నాక ఆయన చూపు గుమ్మం పక్కనున్న స్విచ్చు మీద పడింది. ఆ చూపుకి ఎక్కడలేని తేజస్సు వచ్చింది.

"అక్కని పిలవండి!"

కౌంటరక్క చేతి సంగతి ల్యాబులో తెలియనివాళ్ళు లేరు. ఏ గదిలోంచి బయటికొచ్చినా చేతికందిన స్విచ్చు ఆపేసి మరీ వస్తుంది. గదిలో మనుషులున్నారా లేరా అన్నది ఆ చేతికి సంబంధం లేని విషయం. టెక్నీషియన్లు సూక్ష్మదర్శినిలో కన్నుపెట్టి ఉండగా ఫ్యాను ఆగిపోతుంది. బాత్రూములో ఉన్నవాళ్ళు చీకట్లోంచి "అక్కా!" అని అరుస్తారు. "అయ్యో, ఉన్నావా!" అంటూ వేస్తుంది. మళ్ళీ వెళ్ళేటప్పుడు ఆపేస్తుంది. పొదుపు కోసం కూడా కాదు. కొందరికి వేళ్ళు విరుచుకునే అలవాటుంటుంది, ఈవిడకి ఇది.

అక్క చెంగుతో చేతికంటిన కార్బను తుడుచుకుంటూ వచ్చింది.

"అక్కా, పొద్దున్న ఈ గదిలోకి వచ్చారా?"

"వచ్చాను బాబూ. పేపరు రోలు కోసం."

"వెళ్ళేటప్పుడు ఆ స్విచ్చు ఆపారా?"

అక్క స్విచ్చు వైపు చూసింది. తర్వాత తన కుడిచెయ్యి ఎత్తి, అదేదో పక్కింటివాళ్ళ పిల్ల అయినట్టు, దాని వంక చూసింది.

"ఆపానేమో బాబూ."

"ఏమో ఏంటండీ? ఆపారా, లేదా?"

"గుర్తులేదు." గొంతు సగానికి పడిపోయింది. "ఆపే ఉంటాను. ఈ చెయ్యి ఊరుకోదు కదా."

"చూశారా!" అన్నారు అల్లుడుగారు, బరువు దించుకున్నవాడిలా.

ల్యాబు మొత్తం మీద ఇది ఆవిడ వల్ల జరగలేదని ఖాయంగా తెలిసిన మనిషి సిస్టమాయన ఒక్కడే. ఎందుకంటే ఆ స్విచ్చుకి వెనకాల ఏమీ లేదు.

ఒకప్పుడు ఉండేది. అప్పట్లో అక్క దాన్ని ఆపేసి సర్వర్‌ని పడుకోబెట్టిన రోజులున్నాయి. చెప్పి చూశాడు. 'ముట్టుకోవద్దు' అని రాసి అంటించాడు. అక్క స్విచ్చు ఆపి, వంకరగా ఉందని ఆ కాగితాన్ని తీసి తిన్నగా అంటించి వెళ్ళింది. చివరికి ఓ ఆదివారం కరెంటాయన్ని పిలిపించి సర్వర్‌కి బీరువా వెనకనించి వేరే లైను వేయించాడు. "మరి ఈ స్విచ్చు పీకేద్దామా?" అని అడిగాడు కరెంటాయన. వద్దన్నాడు. పీకేస్తే ఆ చెయ్యి ఊరుకుంటుందా, దాని పక్కదాన్ని వెతుక్కుంటుంది. పక్కది శాంపిళ్ళ ఫ్రిజ్‌ది. అందుకని స్విచ్చు అలాగే ఉంది. ఎదురుగా, నిగనిగలాడుతూ, దేనికీ పనికిరాకుండా. అప్పటినించీ అక్క రోజూ సాయంత్రం దాన్ని టక్కుమని ఆపి, ఓ మంచిపని చేసిన మొహంతో ఇంటికెళ్తోంది. పొద్దున్నే వచ్చి వేస్తోంది. సర్వర్ మటుకు తన పాటికి తను తిరుగుతోంది.

"సార్, ఆ స్విచ్చు..." అన్నాడు సిస్టమాయన.

"నాకు తెలుసండీ. ఆవిడ మీద చెప్పడానికి మీకు నోరు రాదు. మీరు మంచివాళ్ళు." అల్లుడుగారు అతని భుజం తట్టారు. "అదంతా నేను చూసుకుంటాను. మీరు సిస్టమ్ సంగతి చూడండి."

"సరే సార్." మాట దానంతటదే వచ్చేసింది.

మంగళవారమంతా నల్ల విండో ముందే గడిచిపోయింది.

తెగినచోట నించి మళ్ళీ మొదలుపెట్టమని కమాండు ఇచ్చాడు. కొన్ని బుద్ధిగా సర్దుకున్నాయి. బిల్లులూ రిపోర్టులూ ఉండే డేటాబేసు దగ్గర మొరాయించింది. డేటాబేసు కొత్త ప్యాకేజీ, తనకి ఆసరాగా కింద ఉండాల్సిన లైబ్రరీ అనే ప్రోగ్రాము కూడా కొత్తదైతేనే కూర్చుంటానంది. ఆ లైబ్రరీ, ముందు డేటాబేసు సంగతి తేలితేనే కదులుతానంది. ఫోను ముందు అవతలివాళ్ళే చేయాలని పంతం పట్టి కూర్చున్న రెండు చుట్టరికాల్లా ఉన్నాయవి. మధ్యలో మనం ఎంత చెప్పినా అరుపులే తప్ప పని జరగదు. ఒకదాన్ని బలవంతాన లాక్కొచ్చి కూర్చోబెడదామంటే, దిగిన ఫైలే సగం దిగింది. దాన్ని తుడిచేసి మళ్ళీ దింపుకోవాలి. నెట్టు ఆవేళ నత్తతో పందెం వేసుకుని ఓడిపోతోంది.

అల్లుడుగారు మధ్యమధ్య తల లోపలికి పెడుతున్నారు.

"రీస్టార్ట్ చేసి చూశారా? మా ఫోను అలాగే బాగవుతుంది."

"ఇప్పుడు ఆపితే మళ్ళీ లేవదు సార్. లేవడానికి కావాల్సినవి కూడా సగంలోనే ఉన్నాయి."

అన్నాక అతనికే తట్టింది. నిన్న నిజంగానే కరెంటు పోయుంటే ఇవాళ ఈ తెర మీద వెలుగే ఉండదు. ఎందుకైనా మంచిదని, ఎప్పటినించి తిరుగుతున్నావని మిషన్నే అడిగాడు. పోయిన వేసవి నించి కన్ను మూయలేదంది. తన సంగతీ దాదాపు అంతే అనుకున్నాడు సిస్టమాయన.

అల్లుడుగారు అప్పటికే వెళ్ళిపోయారు. వెనక్కి పిలిచి చూపించొచ్చు. చూపిస్తే, మరి ఎవరు ఆపారన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబుగా కుర్చీ ఎత్తు, ప్రింటరు వేడి, ఉడకబెట్టిన కూరగాయలు బయటికొస్తాయి. ముందు ఇది బాగవనీ, తర్వాత చెబుదాం అనుకున్నాడు. 'తర్వాత' అనేది అతనికి 'సరే' తర్వాత బాగా అలవాటైన మాట.

మూడింటప్పుడు అక్క వచ్చింది. కార్బన్ కాగితాల కట్ట తీసుకుంది. వెళ్ళబోయి గుమ్మంలో ఆగింది. చెయ్యి స్విచ్చు దాకా లేచింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని కిందికి దించుకుంది.

"కూర్చో అక్కా," అన్నాడు.

కూర్చోలేదు. "తమ్ముడూ, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. ఈ మధ్య నేను చెప్పిందే చెప్తున్నానా?"

"లేదక్కా."

"పొద్దున్న ఇంటికి తాళం వేశానో లేదోనని సందు చివర్నించి వెనక్కి వెళ్ళాను. వేసే ఉంది. మళ్ళీ సగం దూరం వచ్చాక, చూసొచ్చింది ఇవాళా నిన్నా అని అనుమానం వచ్చింది." నవ్వబోయింది, కుదరలేదు. "మా అమ్మకీ ఇలాగే మొదలైంది. మొదట పొయ్యి ఆపానా లేదా అనేది. చివరికి నన్ను చూసి, 'ఈ పిల్లెవరు, బాగుంది, వీళ్ళ అమ్మానాన్నా ఎక్కడ?' అంది."

సిస్టమాయన కీబోర్డు పక్కకి తోసి ఆవిడ వైపు తిరిగాడు.

"ఆ స్విచ్చు ఆపినట్టు నాకు ఏ మూలా గుర్తులేదు తమ్ముడూ. ఒట్టు. కానీ ఆపాను కదా! అదే భయంగా ఉంది. తిట్టినందుకు కాదు."

చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ ఆ మాట చెబితే, ఇన్నేళ్ళూ నువ్వు రోజూ ఆపినదీ వేసినదీ ఉత్త ప్లాస్టిక్కు ముక్కేనని, అది నేనే పెట్టించానని కూడా చెప్పాలి. నోరు తెరిచాడు. కౌంటర్ నించి ఎవరో గట్టిగా బెల్లు కొట్టారు. "వస్తున్నా, వస్తున్నా!" అంటూ అక్క వెళ్ళిపోయింది. కార్బన్ కట్ట టేబుల్ మీదే మర్చిపోయింది. సిస్టమాయన దాన్ని పట్టుకుని వెనకాలే వెళ్ళి, ఆవిడ చూడకుండా బిల్లు పుస్తకాల పక్కన పెట్టొచ్చాడు.

ఇంట్లో భార్యకి అంతా చెప్పాడు. ఆవిడ బట్టలు మడత పెడుతూ వింది.

"మరి మీరేమన్నారు?"

"ఏమంటాను. సరే అన్నాను."

"మీరు సరే అంటే విన్నారని కాదు, వినడం ఆపేశారని," అంది. దుప్పటి ఒక కొస అతని చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుంది. "మా నాన్న పెళ్ళి సంగతి అడిగిన రోజు కూడా ఇలాగే అన్నారు. అప్పటికి ఆయన నా పేరు కూడా చెప్పలేదు."

"అది బాగానే కుదిరిందిగా."

"మీకు కుదిరింది. దుప్పటి సరిగ్గా పట్టుకోండి, నేల మీద పడుతోంది."

కొసకి కొస కలిపారు. మధ్యలో దగ్గరికొచ్చినప్పుడు ఆవిడ అతని మొహంలోకి చూసింది. "ఆవిడ జ్ఞాపకం పోయిందనుకుని ఏడుస్తుంటే, ఉన్న జ్ఞాపకాన్ని మీరు నోట్లో పెట్టుకుని కూర్చున్నారా?"



బుధవారం మధ్యాహ్నానికి చుట్టరికాల్లో ఒకటి మెత్తబడింది. లైబ్రరీ ఫైలు పూర్తిగా దిగింది. డేటాబేసు అడిగినదాన్ని కాసేపు పట్టించుకోవద్దని సిస్టమ్‌ని బతిమాలి, లైబ్రరీని బలవంతాన కూర్చోబెట్టాడు. ఆ తర్వాత డేటాబేసుని కదిలిస్తే, అంతసేపూ ఆ మాట కోసమే చూస్తున్నట్టు చకచకా సర్దుకుంది. మిగతావి ఒక్కొక్కటే వరసలోకి వచ్చాయి. ఆఖరున తెర మీద 'సగంలో ఉన్నవి: ఏమీ లేవు' అన్న అర్థం వచ్చే ఓ ఖాళీ వరస మిగిలింది. మూలన ఎర్ర అంకె మాయమైంది. సోమవారం నించి మూగబోయిన కౌంటర్ దగ్గరి లేబుల్ ప్రింటరు ఓసారి గొంతు సవరించుకుని, అప్పటినించీ దాచుకున్న లేబుళ్ళన్నీ గడగడా కక్కేసింది. లైనులో వాళ్ళు చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు మాత్రం, జపానులో అయితే ఈపాటికి క్షమాపణ కూడా చెప్పేవాళ్ళన్నాడు. ఆయన రిపోర్టు ఇంకా రాలేదు.

అల్లుడుగారు వచ్చి తెర చూసి మురిసిపోయారు. "ఎరుపు పోయింది! చెప్పానా, ఓ నొక్కుడే అని." తలుపు దగ్గరగా వేశారు. "రేపు మావయ్యగారు కిందికొస్తారు. ఏమైందని అడుగుతారు. కరెంటు అని ఒక్క ముక్క చెప్పండి చాలు. సోమవారం నించి కౌంటర్లో కొత్తమ్మాయి వస్తుంది. అక్కకి విశ్రాంతి ఇచ్చేద్దాం. పాపం ఆవిడే అడిగింది."

"అక్కే అడిగిందా?"

"నేను అడగమన్నాను, ఆవిడ అడిగింది. సరేనా?"

సిస్టమాయన తెర వైపు చూస్తూ ఏదో చూసుకుంటున్నట్టు ఉండిపోయాడు. అల్లుడుగారికి ఆ మౌనం కూడా సరే లాగానే వినిపించింది. వెళ్ళిపోయారు.

సాయంత్రం అక్క ఓ సంచీతో వచ్చింది. స్టాంపులు, ఇంకు ప్యాడు, సొరుగు తాళం టేబుల్ మీద పేర్చింది.

"కొత్తపిల్లకి నువ్వే చెప్పాలి. ఈ సొరుగు లాగేటప్పుడు కొంచెం పైకెత్తాలి, లేకపోతే రాదు. మూలింటి పెద్దాయనకి సూది చూపించకుండా పొడవమని టెక్నీషియన్లకి ముందే చెప్పాలి. చూస్తే పడిపోతాడు. మిద్దె మీద టైలరు భార్యకి ఎడమచేతిలోనే నరం దొరుకుతుంది." ఊపిరి తీసుకుంది. "మర్చిపోకముందే ఎవరికైనా చెప్పాలి కదా అని."

అంత వరసగా, తడుముకోకుండా చెప్పింది. చెప్పి, చీకటి పడకముందే ఇల్లు చేరాలని గబగబా వెళ్ళిపోయింది. వెళ్తూ స్విచ్చు ముట్టుకోలేదు. గదిలో లైటూ వెలుగుతోంది, ఫ్యానూ తిరుగుతోంది, ఆ దిక్కుమాలిన ఉత్త స్విచ్చు కూడా వేసే ఉంది. ఆ గదిని అలా వదిలి ఆవిడ వెళ్ళడం సిస్టమాయన ఎప్పుడూ చూడలేదు.

గురువారం పదింటికి పెద్ద డాక్టరుగారు కిందికొచ్చారు. మెట్లు దిగుతూనే ఆవలించారు. ఆయనది మాట తక్కువ, బీపీ ఎక్కువ. సోమవారం నించి మనిషి కాస్త నీరసంగా కూడా ఉన్నారు. సర్వర్ గదిలో ఉన్న ఒక్క కుర్చీలో ఆయన కూర్చున్నారు. అల్లుడుగారు పక్కన, అక్క గుమ్మంలో, సిస్టమాయన బీరువాకి ఆనుకుని నిలబడ్డారు.

"ఏమైందయ్యా?"

"పవర్ మావయ్యా," అన్నారు అల్లుడుగారు. "అప్‌గ్రేడు మధ్యలో పవర్ పోయింది."

"నేనేనండి," అంది అక్క, నేలచూపులు చూస్తూ. "ఆ స్విచ్చు ఆపేశాను. గుర్తులేకుండా ఆపేశాను."

డాక్టరుగారు సిస్టమాయన వైపు తిరిగారు. "అంతేనా?"

సిస్టమాయన గొంతులో ఆ రెండక్షరాలు తయారుగానే ఉన్నాయి. ఎప్పుడూ ఉంటాయి. వాటిని మింగడానికి కాస్త టైము పట్టింది.

"కాదండి."

అన్నది తనేనా అని ఓసారి అందరికంటే అతనే ముందు ఉలిక్కిపడ్డాడు.

"కరెంటు పోలేదండి. ఆ స్విచ్చుకి వెనక వైరే లేదు."

"అంటే?"

"ఉత్త స్విచ్చండి. వేసినా ఒకటే, ఆపినా ఒకటే."

డాక్టరుగారు లేచి వెళ్ళి స్విచ్చు ఆపారు. టక్. సర్వర్ తిరుగుతూనే ఉంది. వేశారు. టక్. మళ్ళీ ఆపారు. తిరుగుతూనే ఉంది. ఆయనకి సరదా పుట్టింది. టకటకా ఇంకో నాలుగుసార్లు నొక్కారు. ఆ టక్కుమన్నప్పుడల్లా అక్క కళ్ళు కొంచెం కొంచెం పెద్దవయ్యాయి.

"ఇదెప్పటినించి?"

"చాలా ఏళ్ళయిందండి. నేనే పెట్టించాను. అక్క చేతికి ఏదో ఒకటి ఉండాలని." అక్క వైపు చూడలేదు. "సోమవారం అక్క అది ఆపిందో లేదో నాకూ తెలియదు. కానీ ఆపినా ఏమీ కాదండి."

"మరి పని ఎలా తెగింది?"

"నడుస్తున్న విండో మధ్యలో మూసేశారండి. నేనప్పుడు పైన మీ టీవీ దగ్గరున్నాను. వచ్చేసరికి లేదు."

అల్లుడుగారు ప్రింటరుని, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నారు. డాక్టరుగారు ఆ చూపు పట్టుకుని తనూ ప్రింటరు వైపు చూశారు. చాలాసేపు చూశారు. ఆయన మొహంలో సోమవారం రాత్రి నించి తిన్నవన్నీ వరసగా కదిలాయి.

"బాబూ," అన్నారు మెల్లగా. "మన ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించిన కాగితం, అదే, ఉప్పూ నూనే లేకుండా మీ అత్తగారు అందరికీ కలిపి వండేస్తున్నదీ... అది మీరు ఎక్కడ ప్రింటు తీశారు?"

"కింద మావయ్యా."

"కింద ఎక్కడ?"

"ఇక్కడే... సోమవారం... ఏదో నల్లగా అడ్డొస్తే..."

డాక్టరుగారి మెడ మీద నరం ఓసారి పైకి లేచింది. వేరే ఎవరైనా అయితే ఆ నరం ఏం చేసేదో స్టాఫందరికీ అనుభవమే. కానీ ఎదురుగా ఉన్నది అల్లుడు. అల్లుణ్ణి ఏమనాలో ఏ మామగారికీ ఇప్పటిదాకా తెలియలేదు. నరం మళ్ళీ మెల్లగా పడుకుంది.

"తప్పు ప్రింటరుది," అన్నారు చివరికి. "సర్వరున్న గదిలో ప్రింటరేంటి? తీసుకెళ్ళి కౌంటర్లో పెట్టండి. ఎవరికి ఏం కావాలన్నా అక్కనడిగి తీసుకోండి." గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "అమ్మా, నువ్వేదో విశ్రాంతి అడిగావట. నాకు ఇంకా దొరకలేదు, నీకెక్కణ్ణించి ఇస్తాను? కౌంటర్లో లైనుంది చూడు."

ఆ రోజంతా అక్క సిస్టమాయనతో మాట్లాడలేదు. అతనే ప్రింటరు మోసుకెళ్ళి కౌంటర్లో పెట్టి, వైర్లు తగిలించాడు. టేబుల్ కింద దూరి ఉన్నంతసేపూ ఆవిడ పాదాలు కనిపించాయి. అవి కూడా పక్కకి తిరిగే ఉన్నాయి. మధ్యాహ్నం అల్లుడుగారు వచ్చి, "అక్కా, ఒక్క పేజీ," అన్నారు. "లైనులో రండి బాబూ," అంది అక్క తలెత్తకుండా. ఆయన వచ్చారు. వచ్చి హెడ్మాస్టరు వెనక నిలబడ్డారు.

సాయంత్రం స్టాఫు వెళ్ళాక అక్క గదిలోకి వచ్చింది. టేబుల్ మీద పెట్టిన స్టాంపులు, ఇంకు ప్యాడు, తాళం ఒక్కొక్కటే తీసి సంచీలో వేసుకుంది.

"ఇన్నేళ్ళూనా?" అంది.

"అవునక్కా."

"చంటిపిల్లకి బొమ్మఫోనిచ్చి ఆడించినట్టు ఆడించావన్నమాట. పొద్దున్నే వచ్చి నేను వేస్తేనే ల్యాబు మొదలవుతుందని ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పుకునేదాన్ని."

"తప్పే అక్కా."

"మర్యాదగా చెప్పొచ్చుగా, ఆపొద్దని?"

"చెప్పాను. చాలాసార్లు చెప్పాను. ప్రతిసారీ సరే అన్నావు."

అక్కకి నవ్వొచ్చింది, ఆపుకుంది. సంచీ మూతి ముడి వేసింది. మళ్ళీ విప్పి మళ్ళీ వేసింది.

"అయితే నా బుర్రకేం కాలేదంటావ్."

"ఏం కాలేదక్కా."

"మిద్దె మీద టైలరు భార్యకి?"

"ఎడమచెయ్యి."

"ఊఁ. నీదీ బాగానే ఉంది," అంది. "నీ టిఫిన్ డబ్బా మూత మొన్న కౌంటర్లో వదిలేసి పోయావ్. కడిగి పెట్టాను. పట్టుకెళ్ళు, మీ ఆవిడ తిడుతుంది."

గుమ్మం దాకా వెళ్ళింది. ఉత్త స్విచ్చు ముందు ఆగింది. ఓసారి తలుపు వైపు, ఓసారి తెర ముందున్న అతని వైపు చూసింది. దాన్ని వదిలేసి, దాని పై వరసలో ఉన్నదాని మీద వేలు పెట్టి, స్థిరంగా, చూసి మరీ నొక్కింది.

లైటు ఆరిపోయింది.

"అక్కా! నేను లోపలే ఉన్నాను!"

"తెలుసు," అంది అక్క, వరండాలోంచి.